డిలిస్ మీంచి కాలు తియ్

పోస్టు హైడన్ గడ్డికి పేర్లు పెట్టేవాడు.

ఆవులకి పేర్లు పెట్టేవాళ్ళని చూశాను. పడవలకి పెట్టేవాళ్ళని చూశాను. తన కట్టుడు పళ్ళని కమలాబాయీ అని పిలుచుకునే ఓడ వంటవాడితో ఆర్నెల్లు ప్రయాణం చేశాను. కాని ఫుట్‌బాల్ మైదానంలో చాపంత గడ్డికి ఒక పేరు, దాని పక్కనున్న చాపంత గడ్డికి ఇంకో పేరు పెట్టి, రోజూ పొద్దున్నే వెళ్ళి పేరుపేరునా కుశలం అడిగే మనిషిని మటుకు వేల్స్‌లో, కుమ్‌హెలిగ్ లోయలోనే చూశాను.

ఆ ఊళ్ళో ఇంటిపేర్లకి కరువు. వీధికి పదిమంది జోన్సులు, సందుకి అయిదుగురు డేవిసులు. అందుకని మనిషి చేసే పనిని పేరుకి తగిలిస్తారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచినవాడు పోస్టు హైడన్. రొట్టెలు కాల్చేవాడు రొట్టెల గెథిన్. ఫుట్‌బాల్ క్లబ్బు అధ్యక్షుడికి తివాచీల దుకాణం ఉంది కనక ఆయన తివాచీల మోస్టిన్. ఓడల ఉద్యోగం మానేసి అక్కడ పాత పుస్తకాల కొట్టు తెరిచిన నేను పది రోజుల్లో పుస్తకాల రావునైపోయాను. మా నాన్న పెట్టిన పూర్తి పేరు పలకబోయి అప్పటికే ఇద్దరు నాలుక కరుచుకున్నారు.

హైడన్‌తో నా పరిచయం గోలు స్తంభాల ముందు జరిగింది. నెత్తిన పుస్తకాల పెట్టె పెట్టుకుని, దగ్గర దారి కదా అని మైదానానికి అడ్డంగా పడి పోతున్నాను.

"కాలు తియ్! డిలిస్ మీంచి కాలు తియ్!"

పిల్లినో పాపనో తొక్కానేమోనని ఎగిరి పక్కకి దూకాను. కింద గడ్డి తప్ప ఏమీ లేదు.

"ఎవరండీ డిలిస్?"

"ఇందాక నువ్వు నిలబడ్డది డిలిస్ మీద. ఇప్పుడు దూకింది గ్విలిమ్ మీద. కాస్త అటు జరగవయ్యా... అయ్యో, అటు కాదు!"

ఆయనే వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, నిండు పంక్తిలో విస్తళ్ళ మధ్య నడిపించినట్టు నన్ను గీత దాటించాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఏళ్ళ తరబడి ఉత్తరాల సంచి మోసి కుడి భుజం కిందికి దిగిపోయింది. ఉద్యోగం అయిపోయాక, జీతం లేకుండా, మైదానం చూసుకునే పని నెత్తికెత్తుకున్నాడు. అందరూ కలం పెట్టుకునే జేబులో ఆయన ఒక ఫోర్కు పెట్టుకునేవాడు. వంటింటి ఫోర్కే. గడ్డి ఎక్కడ నలిగినా దాన్ని గుచ్చి, కాస్త పైకెత్తి, బొటనవేలితో అంచులు నొక్కేవాడు. పసిపిల్లకి దుప్పటి సర్దినట్టు ఉండేది.

తర్వాత అదే ఫోర్కుతో టీ కొట్టు దగ్గర వేయించిన బంగాళాదుంపలు తినబోయేవాడు.

టీ కొట్టు గ్లెనిస్‌ది. చటుక్కున ఫోర్కు లాక్కునేది. "ఇటియ్యి ముందు. మట్టి తింటావా ఈ వయసులో?" అని వేణ్ణీళ్ళలో కడుగుతూ, ప్రతి శనివారం తప్పకుండా అడిగేది. "సిరిల్ ఎలా ఉన్నాడు బంగారం?"

సిరిల్ అంటే గేటు పక్కన మూల జెండా దగ్గరి గడ్డి.

"ఇంకా సిగ్గే. మూడు పోచలు లేచాయి."

"మూడే! ఫర్లేదే," అని ఆవిడ నవ్వేది. వెర్రివాణ్ణి నొప్పించడం ఇష్టంలేని మంచి మనసు అనుకునేవాణ్ణి.

ఐవర్ సంగతి వేరు. మైదానం పొడుగు గీత మీద, సరిగ్గా మధ్యలో ఉండేవాడు. అక్కడ ఎప్పుడూ బట్టతలే. గీత వెంట జెండా పట్టుకుని పరిగెత్తే లైన్స్‌మన్ ప్రతి ఆటలోనూ తొక్కేది అక్కడే. "ఐవర్‌కీ లైన్స్‌మన్లకీ పడదు," అనేవాడు హైడన్, ఇద్దరు పెద్దమనుషుల వైరం గురించి చెప్పినంత గంభీరంగా. నిజం చెప్పొద్దూ, ఏడాదికి ఇద్దరు ముగ్గురు లైన్స్‌మన్లు అక్కడ జారిపడేవారు.

ఒక ఏడు కప్పు పోటీలో ఆఖరి నిమిషంలో మావాడు గోలు కొట్టి, ఆ సంబరంలో రెండు మోకాళ్ళ మీద గోలు ముందు బారెడు దూరం జారాడు. ఊరు ఊరంతా గాల్లోకి లేచింది. హైడన్ ఒక్కడే నెత్తిన చేతులు పెట్టుకుని "అయ్యో డిలిస్!" అని, ఫోర్కు తీసి, నేరుగా మైదానంలోకి నడిచి మోకరిల్లాడు. రిఫరీ పరిగెత్తుకొచ్చాడు.

"బయటికి నడవండి."

"ఒక్క నిమిషం బాబూ. ఈవిడ పక్కటెముకలు కదిలాయి."

"ఎవరావిడ?"

"డిలిస్."

రిఫరీ పసుపు కార్డు తీశాడు. పెన్సిలు తీశాడు. "పేరు?"

"నాదా, ఆవిడదా?"

రిఫరీ చివరికి డిలిస్ పేరే రాసుకున్నాడని ఆ ఊళ్ళో సగం మంది ఇప్పటికీ వాదిస్తారు.

ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను. "గడ్డికి పేర్లెందుకు హైడన్?"

ఆయన నావైపు జాలిగా చూశాడు. "చదువుకున్నవాడివి, ఇదేం ప్రశ్న? పేరు లేకపోతే పోస్టు ఎలా చేరుతుంది?"

ఆ జవాబుతో ఆరేళ్ళు గడిపేశాను.

ఆ తర్వాతి జనవరిలో నది రగ్బీ మైదానాన్ని తినేసింది. మూడు రోజులు వాన కురిసింది. నాలుగో రోజు చూస్తే హెచ్ ఆకారపు గోలు స్తంభాలు నీళ్ళలోంచి చేతులెత్తి నిలబడ్డాయి. నీళ్ళు తీశాక మైదానంలో సగం లేదు. ఇక రగ్బీ వాళ్ళు మా మైదానంలోనే ఆడతారని కబురు పుట్టింది.

టీ కొట్టు ముందు వరస ఉడికిపోయింది.

"వాళ్ళ మెడలు చూశావా? మన గేట్లో పట్టవు."

"విరామం కాకముందే గ్లెనిస్ చేసిన మాంసం పైలన్నీ మింగేస్తారు. మనిషికి మూడు."

"అది కాదు నాయనా, వాళ్ళు పాడతారు. నాలుగు గొంతుల్లో, ప్రార్థన మందిరంలో పాడినట్టు పాడతారు. మనకి అరవడం ఒక్కటే వచ్చు."

"గుడ్డులాంటి బంతి! ఎటు ఎగురుతుందో దానికే తెలీదు. దాన్ని నమ్ముకున్నవాళ్ళని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటారా?"

నవ్వుతూనే అనేవారు కాని, లోపల దిగులుంది. ఆ లోయలో ఫుట్‌బాల్ సవతి బిడ్డ. మగపిల్లాడు పుడితే ముందు మెడ కొలిచి రగ్బీకి పనికొస్తాడో లేదో చూసే ఊరది. బడి వాళ్ళది, బృందగానం వాళ్ళది. ఒక పక్కకి వాలిన ఆ తగరపు స్టాండు ఒక్కటే మాది. రేపు అందులోనూ అద్దెకున్నవాళ్ళలా ఒదిగి కూచోవాలేమోనని భయం.

మా ఓడ ఆగే పెనాంగ్ రేవులో ఒక చెక్క నాటకశాల ఉండేది. రెండు రోజులు చీనా వాళ్ళది, రెండు రోజులు తమిళులది. వెనక తెర ఒకటే, దాని మీద ఒక కొండ. చీనా రాజూ తమిళ రాజూ వంతులేసుకుని ఆ కొండ ముందే ఏడ్చేవారు. కొండ ఇద్దరికీ సరిపోయింది. ఈ మాట వరసలో చెప్పాను.

"ఆ కొండ మీద పడి కుమ్ముకోలేదుగా రావూ," అన్నాడు హైడన్. "వీళ్ళ స్క్రమ్ చూశావా? ఎనిమిదిమంది ఇటు, ఎనిమిదిమంది అటు. ఒక్కొక్కడు రొట్టెల గెథిన్ అంత. తలలు దూర్చి ఎద్దుల్లా తోసుకుంటారు. ఎవరి మీద? గ్విలిమ్ మీద! ఆయనకి ముందే నడుం నొప్పి!"

సభ పెట్టారు. స్టాండు పైకప్పు ఇంకో గాలికి ఆగదని, రగ్బీ వాళ్ళతో కలవకపోతే క్లబ్బు మూసుకోవడమేనని మోస్టిన్ చెప్పాడు. హైడన్ లేచి గ్విలిమ్ నడుం గురించి మాట్లాడాడు. అందరూ పగలబడి నవ్వారు. మోస్టిన్ కూడా నవ్వాడు.

"గడ్డి గురించి దిగులు పడకండి హైడన్. రెండు ఆటలకీ ఆగేలా కొత్త పచ్చిక వేయిస్తున్నాం. మధ్య మధ్య నైలాను దారం కుట్టి ఉంటుంది. తివాచీలా చుట్టలు విప్పి పరచడమే. మే నెలలో పాతదంతా జానెడు లోతు తవ్వి తీసేస్తారు."

నవ్వు ఆగిపోయింది, హైడన్ మొహం చూసి. కొడుకు పోయాడన్న తంతి అందించేటప్పుడు పోస్టుమనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఆ మన్ను... ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికో. బైపాసు రోడ్డు కింద నింపుతారనుకుంటా."

హైడన్ మెల్లిగా కూచున్నాడు.

మర్నాడు పొద్దున్న చూస్తే, మైదానం మధ్య గుండ్రపు గీతలో మడత కుర్చీ వేసుకుని కూచున్నాడు. వాన. ఒళ్ళో చేతులు, జేబులో ఫోర్కు.

"దీన్ని మా దేశంలో సత్యాగ్రహం అంటారు," అన్నాను గొడుగు పడుతూ.

"పని చేస్తుందా?"

"చేసింది. కాకపోతే చాలా ఏళ్ళు పట్టింది."

"నాకు మే దాకానే టైముంది," అన్నాడు.

రెండోరోజుకి మావాళ్ళు పాతికమంది 'గుడ్డు బంతి వద్దు' అని అట్ట ముక్కల మీద రాసుకొచ్చి చుట్టూ నిలబడ్డారు. హైడన్‌కి కోపమొచ్చింది. "నాకు వాళ్ళమీద ఏ కోపమూ లేదు. మీరందరూ సైమన్ మీంచి లేచి అవతలికి పొండి!" అని తరిమేశాడు. వాళ్ళు తెల్లమొహాలేసుకుని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. సైమన్ అనేవాడు కొత్త పేరు. నేనెప్పుడూ వినలేదు.

మూడోరోజు రొట్టెల గెథిన్ వచ్చాడు. ఇరవయ్యేళ్ళు స్క్రమ్‌లో ముందు వరసలో తల దూర్చినవాడు. చెవులు రెండూ నలిగి కాలిఫ్లవర్ పువ్వుల్లా ఉంటాయి. గొంతు మాత్రం పాలు పొంగినంత మెత్తన. చేతిలో వెచ్చటి రొట్టె. అందరిలా అడ్డంగా నడిచి రాలేదు. గీత దగ్గర ఆగి, టోపీ తీసి, నేలని చూసుకుంటూ వంకరటింకరగా వచ్చాడు.

"ఐవర్ జాగ్రత్త," అన్నాడు హైడన్.

"చూశాను పెద్దాయనా. అక్కడ గడ్డి రంగు వేరేగా ఉంది." కుర్చీ పక్కన గొంతుక్కూచుని రొట్టె విరిచాడు. సగం హైడన్ చేతిలో పెట్టి అన్నాడు. "మా అమ్మ మా మైదానంలో నది వైపు స్తంభాల కింద ఉంది. ఉండేది. పాపం, ఆవిడకి ఈత కూడా రాదు."

హైడన్ రొట్టె నమలడం ఆపేశాడు.

"మీ దగ్గర ఎంతమంది?" అని అడిగాడు గెథిన్.

"ముప్ఫై నలుగురు."

నాకు అప్పుడు తెలిసింది. ఒక కాలు పైకెత్తాను. ఎత్తాక, దాన్ని మళ్ళీ ఎక్కడ పెట్టాలో తెలీలేదు.

"దించు రావూ," అన్నాడు హైడన్. "అక్కడెవరూ లేరు. ఉంటే ఇన్నాళ్ళూ ఊరుకుంటానా?"

ఆపైన చెప్పాడు. ఆ ఊళ్ళో మనిషి పోతే, దహనం అయ్యాక, ఆ బూడిద ఆయన జీవితమంతా అరిచిన చోటే కలపాలని కోరిక. బూడిదకి గడ్డి మాడిపోతోందని మోస్టిన్ అధ్యక్షుడయ్యాక దాన్ని నిషేధించాడు. ఇంటివాళ్ళు ఎవరికి చెప్పుకుంటారు? పొద్దున్నే గుమ్మంలోకి వచ్చేది పోస్టు హైడన్. 'మా ఆయన చివరిమాట ఇదీ హైడన్' అని డబ్బా చేతిలో పెట్టేవారు.

"పొట్లం చేతికిచ్చాక పోస్టువాడు కాదంటాడా?" అన్నాడు. "ఆదివారం ప్రార్థన వేళ ఇక్కడ పిట్ట కూడా ఉండదు. మెత్తటి ఇసక కలిపి, గడ్డి పెళ్ళ ఎత్తి, కింద వేసి మూసేసేవాణ్ణి. ఇసక కలిపితే మాడదు. కాస్త చూసుకుంటూ ఉండాలి, అంతే."

డిలిస్ నలభై ఏళ్ళు గోలు వెనక నిలబడి గోల్‌కీపరుకి ఎక్కడ నిలబడాలో చెప్పిన మనిషి. ఐవర్ లైన్స్‌మన్లని తిట్టి తిట్టి గొంతు పోగొట్టుకున్నవాడు. గ్విలిమ్ గనిలో నడుం విరగ్గొట్టుకున్నవాడు.

"సిరిల్?"

"చివరి బస్సు తప్పిపోతుందని ప్రతి ఆటకీ పది నిమిషాల ముందే వెళ్ళిపోయేవాడు. అందుకే గేటు పక్కన వేశాను." హైడన్ టీ కొట్టు వైపు చూశాడు. "గ్లెనిస్ మొగుడు."

వేణ్ణీళ్ళలో ఫోర్కు కడిగే ఆ చేతులు గుర్తొచ్చి నేను గొడుగు అటు తిప్పుకున్నాను.

"మోస్టిన్‌తో చెప్పెయ్యండి," అన్నాడు గెథిన్.

"సీలు వేసి ఇచ్చిన కవరు నేను విప్పుతానా? ఏ ఇంటివాళ్ళకీ ఇంకో ఇంటి సంగతి తెలీదు. ముప్ఫై నాలుగు ఇళ్ళూ, నేను వాళ్ళ ఒక్కళ్ళకే ఈ ఉపకారం చేశాననుకుంటున్నాయి."

గెథిన్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "అయితే విప్పొద్దు. చిరునామా మార్చండి. మే నెల రాకముందే ఎత్తేద్దాం. నా దగ్గర రొట్టెల ట్రేలు యాభై ఉన్నాయి. ఎత్తడానికి మావాళ్ళు పదహారు మంది ఉన్నారు."

"ఎత్తి ఎక్కడ పెడతాం?"

"ముందు ఎత్తుదాం. చోటు తర్వాత చూద్దాం," అన్నాడు గెథిన్. హైడన్ కుర్చీ మడిచాడు.

ఏప్రిల్లో ఆయన పాత సంచి తగిలించుకుని ముప్ఫై నాలుగు గుమ్మాలూ తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట. "వచ్చే ఆదివారం ప్రార్థన వేళ మీవాళ్ళని కదుపుతున్నాను. ఎవరితోనూ అనకండి."

ఆ ఆదివారం ప్రార్థన మందిరంలో పాస్టరు ఒక్కడే ఉన్నాడట. మైదానం గేటు దగ్గర ఒకావిడ కుక్కని తిప్పడానికి వచ్చింది. ఆవిడకి కుక్క లేదు. ఒకాయన పోయిన ఏడు పడేసుకున్న గొడుగు వెతుక్కుంటూ వచ్చాడు. మూడో ఇంటివాళ్ళు పిల్లలకి స్తంభాలు చూపిద్దామని వచ్చారు. పిల్లలకి ముప్ఫయ్యేళ్ళుంటాయి. అందరూ ఒకరినొకరు చూసుకుని, వాతావరణం గురించి మాట్లాడి, మళ్ళీ చూసుకున్నారు.

"మీకూనా?" అని ఎవరో మెల్లిగా అడిగారు.

"మీకూనా!"

మైదానంలో పదహారుమంది రగ్బీ వస్తాదులు మోకాళ్ళ మీద ఉన్నారు. ఒక్కొక్కడి అరచెయ్యి పారంత. ఆ చేతులతో గడ్డి పెళ్ళలు కింది మన్నుతో సహా ఎత్తి ట్రేలలో పెడుతున్నారు. హైడన్ ఫోర్కు ఊపుతూ అరుస్తున్నాడు. "తల వైపు పట్టుకో నాయనా! గ్విలిమ్ నడుం!" ఆ వస్తాదు "క్షమించండి గ్విలిమ్ గారూ," అన్నాడు, నవ్వకుండా.

సరిగ్గా అప్పుడు తివాచీల మోస్టిన్ కారు దిగాడు. పక్కనే చేతికర్రతో వాళ్ళమ్మ, తొంభై దాటిన పెద్ద బెవన్ అమ్మగారు.

"ఏమిటిదంతా?" అన్నాడు మోస్టిన్. "చర్చికి తీసుకెళ్ళమని చెప్పి ఇక్కడికెందుకు తిప్పించావమ్మా?"

ఆవిడ కొడుకుని పట్టించుకోలేదు. "హైడన్, మా ఆయన ఏ ట్రేలో ఉన్నాడు?"

"మూడోది అమ్మగారూ. ఐవర్, ఇదుగో ఆవిడ వచ్చారు."

మోస్టిన్ నోరు తెరిచాడు. "అమ్మా! నాన్నని సముద్రంలో కదా కలిపాం!"

"నువ్వు కలిపింది పొయ్యిలో బూడిదరా. మీ నాన్నకి సముద్రం చూస్తేనే కడుపులో తిప్పేది. అక్కడ పడేస్తామా?" చేతికర్రతో గీత మధ్య పెళ్ళ ఎత్తిన గుంట చూపించింది. "పదకొండేళ్ళుగా అక్కడున్నాడు. నువ్వు నిషేధం పెట్టిన మర్నాడే హైడన్‌కి ఇచ్చాను."

మోస్టిన్ మూడో ట్రే దగ్గరికి వెళ్ళి వంగి చాలాసేపు చూశాడు. ఆ పల్చటి గడ్డిని వేలితో ఒక పక్కకి దువ్వాడు. బతికుండగా వాళ్ళ నాన్న జుట్టు అలాగే దువ్వుకునేవాడట. తర్వాత లేచి, దుకాణంలో బేరమాడే గొంతు తెచ్చుకున్నాడు.

"ఏ మంచి తివాచీకైనా అంచు వేరేగా ఉంటుంది. గీతల బయట, చుట్టూరా, రెండు బారల వెడల్పున పాత గడ్డే ఉంచుదాం. అంచుకి దారం కుట్టక్కర్లేదు."

హైడన్ జేబురుమాలు వెతుక్కున్నాడు. దొరకలేదు. గ్లెనిస్ తన ఏప్రాన్ కొంగు ఇచ్చింది. "మా ఆయన గేటు పక్కనేగా?"

"ఇంకా దగ్గరగా. బస్సు వినపడేంత దగ్గర."

అలా అందరి చిరునామాలూ మారాయి. డిలిస్ గోలు వెనక్కి, తను నలభై ఏళ్ళు నిలబడ్డ చోటికే పోయింది. ఐవర్ గీతకి మూరెడు అవతల, సరిగ్గా జెండావాడు పరిగెత్తే దారిలో.

అందరూ వెళ్ళిపోతుంటే గెథిన్ బండిలోంచి ఇంకో ట్రే తెచ్చాడు. అందులో జానెడు ఒండ్రు మట్టి, నాలుగు పోచలు.

"నది మిగిల్చింది ఇంతే. ఇందులో మా అమ్మ ఉందో లేదో కూడా నాకు తెలీదు పెద్దాయనా. రగ్బీ మనిషి. మీవాళ్ళలో..."

"పేరు?" అన్నాడు హైడన్, ఫోర్కు తీస్తూ.

"మైర్."

"ఎక్కడ నిలబడేది?"

"స్తంభాల వెనక. బంతి తన్నేవాడికి ఎలా తన్నాలో చెబుతూ."

"అయితే డిలిస్ పక్కన పెడతాను. ఇద్దరికీ వాదించుకోవడానికి మనిషి దొరుకుతుంది."

సెప్టెంబరులో కొత్త మైదానం మీద మొదటి రగ్బీ ఆట. హైడన్ జన్మలో రగ్బీ చూడలేదు. టిక్కెట్టు కొనుక్కుని గీత దగ్గర నిలబడ్డాడు. వాళ్ళు పాడారు. నాలుగు గొంతుల్లో పాడితే తగరపు కప్పు మోగిపోయింది. మావాళ్ళు కూడా అరవడం మానేసి విన్నారు. పైలు మాత్రం విరామానికి ముందే అయిపోయాయి. ఆ ఒక్క భయం నిజమే.

రెండో భాగంలో బంతి గీత దాటింది. రగ్బీకి కూడా జెండావాళ్ళుంటారు. ఆయన జెండా ఎత్తి పరిగెత్తుకుంటూ వచ్చి, సరిగ్గా మధ్య గీత దగ్గర, ఏమీ లేని చోట, రెండు కాళ్ళూ గాల్లోకి లేచి వెల్లకిలా పడ్డాడు.

స్టాండులో సగం మందికి ఏమీ అర్థం కాలేదు. మిగతా సగం లేచి నిలబడింది. పెద్ద బెవన్ అమ్మగారు చేతికర్ర చంకన పెట్టుకుని చప్పట్లు కొట్టారు.

హైడన్ వెళ్ళి ఆ జెండాయనకి చెయ్యిచ్చి లేపి, వీపు దులిపి పంపించాడు. తర్వాత ఫోర్కు తీసి, మోకరిల్లి, నలిగిన గడ్డిని మెల్లిగా పైకెత్తాడు.

"చాల్లే ఐవర్," అన్నాడు. "ఇవాళ చుట్టాలొచ్చారు."